దేవుడికి దేహముందా? దబిస్తాన్ నాలుగో అధ్యాయం

మా ఇబ్రహీంపట్నానికీ, ఊరి పెద్దచెరువుకూ పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోలకొండ ఏలాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను. అద్దంకి గంగాధర కవి చేత తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. ఆయన మునిమనవడు అబ్దుల్లా కుతుబ్‌షా. ఇక్కడి నుంచి హైదరాబాదు పోయే దారికి దగ్గర్లో ఉన్న హయత్‌నగర్ పేరు అబ్దుల్లా తల్లి హయత్ బక్షీ బేగంది. ఆ అబ్దుల్లా గద్దె మీద ఉండగా, 1647లో, హైదరాబాదులో ఇద్దరు కొత్తవాళ్లు కలుసుకున్నారు. ఒకడు ఊరూరా తిరుగుతూ ఎవరి మతం సంగతి వాళ్ల నోటితోనే విని ఫార్సీలో రాసుకునేవాడు. రెండోవాడు రబ్బీల ఇంట పుట్టి, ముసల్మానై, సరుకుతో సముద్రం దాటి వచ్చి, సింధు దేశంలో ఒంటి మీది బట్టలతో సహా అన్నీ వదిలేసినవాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్న దాంట్లో ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. దేవుడికి రూపముందా, లేదా?

తెలుగు నేల మీద యూదు మతం అంటే ఈమధ్య కాస్త చదివినవాళ్లకు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం గుర్తొస్తుంది. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిం కుటుంబాలు 1991లో అక్కడ సినగాగు పెట్టుకున్నాయి. వాళ్ల మీద 2013లో 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అనే మంచి పరిశోధన గ్రంథం కూడా వచ్చింది. హైదరాబాదు సంభాషణ దానికి మూడు వందల నలభై ఏళ్ల పైచిలుకు ముందుది. ఆ సంభాషణకు అక్షరరూపం 'దబిస్తాన్-ఎ-మజాహిబ్', అంటే మతాల బడి, అనే ఫార్సీ గ్రంథంలోని నాలుగో అధ్యాయం.

దబిస్తాన్‌లో పన్నెండు అధ్యాయాలు. మొదటిది పార్సీల గురించి, రెండోది హిందువుల గురించి. ఆ రెండే పుస్తకంలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి. తర్వాత టిబెట్టు వాళ్లు, యూదులు, క్రైస్తవులు, ముస్లింలు, అలా సూఫీల దాకా. కశ్మీరు కవి మొహసిన్ ఫానీ దీన్ని రాశాడని చాలాకాలం అనుకున్నారు. ఆజర్ కైవాన్ అనే పార్సీ గురువు పరంపరలో పెరిగిన 'మోబద్' అనే కలంపేరు గల రచయితదని ఇప్పుడు పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఈయన మన శ్రీకాకుళంలోనూ కొంతకాలం గడిపాడు. 1809లో కలకత్తాలో పుస్తకం అచ్చయింది. 1843లో డేవిడ్ షే, ఆంథొనీ ట్రాయర్‌ల ఇంగ్లీషు అనువాదం పారిస్‌లో మూడు సంపుటాలుగా వెలువడింది. యూదుల అధ్యాయం అందులో రెండో సంపుటంలో ఉంది. హిందువుల అధ్యాయంతో పోలిస్తే ఇది కొద్ది పేజీల ముక్క. ఆ కొద్ది పేజీలనూ మోబద్ కట్టిన తీరు నన్ను ఎన్నాళ్లుగానో పట్టుకుని వదలడం లేదు.

ఆ కాలంలో పరమతం గురించి రాయాలంటే పద్ధతి ఒకటుండేది. ముందు వాళ్ల నమ్మకాన్ని చెప్పి, వెంటనే అది ఎందుకు తప్పో చెప్పడం. అరబ్బీలోనూ, ఫార్సీలోనూ, లాటిన్‌లోనూ అలా రాసిన గ్రంథాలు గుట్టలు. మోబద్ ఆ దారి తొక్కలేదు. యూదుల సంగతి రాసే ముందు తన సాక్షి ఎవరో చెప్పాడు. ఏ సంవత్సరం, ఏ ఊళ్లో కలిశాడో చెప్పాడు. ఆ మనిషి ఎక్కడ చదివాడు, ఎవరి దగ్గర చదివాడు, ఏ దారిన వచ్చాడు, ఇప్పుడు ఎలా బతుకుతున్నాడు, ఇవన్నీ వరసగా మన ముందు పెట్టి, ఆ తర్వాతే అతని నోటికి మాట అప్పజెప్పాడు. చెప్పేదెవరో తెలిశాక చెప్పిన మాటను ఎంతవరకు తూచి తీసుకోవాలో చదివేవాడికే తెలుస్తుంది. ఖండన రాయకుండానే పాఠకుడికి తీర్పు చెప్పే వీలు కల్పించాడు. ఇంత నిగ్రహం ఈ రోజుల్లో మతాల మీద రాసేవాళ్లలోనూ అరుదే.

ఆ సాక్షి సర్మద్. కాషాన్ నగరం వాడని ఎక్కువమంది అంటారు. యూదు శాస్త్రాలన్నీ ఇంట్లోనే చదివాడు. ఇస్లాం పుచ్చుకున్నాక ఇరాన్‌లో ఆనాటి మహా తత్త్వవేత్తలైన ముల్లా సద్రా, మీర్ ఫిందిరిస్కీల దగ్గర చదువుకున్నాడు. ఆపైన వ్యాపారం. సింధులోని తట్టా పట్నంలో అభయచంద్ అనే హిందూ యువకుణ్ని చూసి మనసిచ్చాడు. సరుకు, సొమ్ము, బట్టలు అన్నీ వదిలి అతని గుమ్మం ముందు కూర్చున్నాడు. అభయచంద్ తండ్రి మొదట కోపగించినా, ఆ ప్రేమలో మలినం లేదని తెలుసుకుని ఇంట్లోకి రానిచ్చాడు. అభయచంద్ సర్మద్ దగ్గర మోషే గ్రంథాలు, కీర్తనలు చదువుకున్నాడు. ఇద్దరూ కలిసి దేశం మీద పడ్డారు. లాహోరు మీదుగా హైదరాబాదు చేరారు.

మోబద్ ఈ ప్రేమకథను ఎక్కడా దాచలేదు, దాన్ని వింతగా ఊరించి చెప్పనూ లేదు. అతనికి అది సాక్షి పుట్టుపూర్వోత్తరాల్లో ఒక భాగం, అంతే. దిగంబరత్వం గురించి అడిగితే సర్మద్ తన మతగ్రంథం నుంచే జవాబిచ్చాడని రాశాడు. యెషయా ప్రవక్త కూడా నగ్నంగా తిరిగాడని. బైబిలు చదివినవాళ్లు యెషయా గ్రంథం ఇరవయ్యో అధ్యాయం తీసి చూసుకోవచ్చు, ఆ సంగతి అక్కడుంది. ఎక్కడ ఆధారముందో తెలిసిన మనిషే ఈ సాక్షి అని పాఠకుడికి నమ్మకం కుదురుతుంది.

ఇక అసలు విషయం. సర్మద్ చెప్పిన ప్రకారం యూదుల దృష్టిలో దేవుడికి దేహముంది. అది మనిషి ఆకారం. ఆ దేహం కాంతి లాంటిది, కిరణాల్లా విస్తరించేది. ఆత్మ కూడా మనిషి రూపంలోనే ఉండే ఒక సూక్ష్మ శరీరం. మనిషి ఆయుష్షు నూట ఇరవై ఏళ్లు. అది ఒక పగలు. చావుతో రాత్రి మొదలవుతుంది. ఆ రాత్రిలో దేహంలోని అంశలు కొన్ని ఖనిజాల్లో, కొన్ని చెట్టుచేమల్లో, కొన్ని జంతువుల్లో కలుస్తాయి. మరో నూట ఇరవై ఏళ్లు గడిస్తే తెల్లవారుతుంది, చెదిరిన అంశలు మళ్లీ కూడి మనిషి లేస్తాడు. పుణ్యపాపాల ఫలం ఈ లోకంలోనే.

యూదు తత్త్వం కొంచెం చదువుకున్నవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. దేవుడికి దేహముందని యూదు పండితుడు అనడమేమిటి? ఆ ఆశ్చర్యానికి కారణం మైమోనిడిస్. 1138లో స్పెయిన్‌లోని కోర్దోవాలో పుట్టి, 1204లో ఈజిప్టులో కన్నుమూసిన వైద్యుడు, న్యాయశాస్త్రవేత్త, తత్త్వవేత్త. ఆయన తమ్ముడు దావీదు వ్యాపారం మీద మన దేశానికి వస్తూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ దుఃఖంతో ఆయన ఏడాది పాటు మంచం పట్టాడు. యూదులు నమ్మాల్సిన మూలసూత్రాలు పదమూడని ఆయన తేల్చాడు. దేవుడికి దేహం లేదన్నది వాటిలో ఒకటి. దేహముందన్నవాణ్ని మతభ్రష్టుల జాబితాలో చేర్చాడు. 1190 ప్రాంతంలో అరబ్బీలో ముగించిన 'సందిగ్ధులకు మార్గదర్శి' మొదటి అధ్యాయాన్ని ఆయన ఏ విషయంతో మొదలుపెట్టాడో చూడండి. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడన్న ఆదికాండ వచనంతోనే. ఆ స్వరూపం కళ్లు, కాళ్లు కాదు, బుద్ధి అని అక్కడే తేల్చేశాడు. ఆ తర్వాత అధ్యాయం వెంట అధ్యాయంగా కూర్చోవడం, లేవడం, దిగిరావడం, ముఖం, వీపు, పాదం వంటి మాటలు మతగ్రంథంలో దేవుడి గురించి ఎక్కడ వచ్చినా ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, దానిలోంచి దేహభావాన్ని తీసేశాడు.

తీసేసి ఊరుకోలేదు. దేవుడు ఇలాంటివాడని మనం చెప్పగలిగే గుణమేదీ లేదన్నాడు. ఆయన ఏమి కాదో చెప్పడమే మనకు సాధ్యమైన జ్ఞానం. దీనికి ఆయన ఓడ ఉదాహరణ ఇచ్చాడు. ఓడ అనేది ఒకటుందని మాత్రమే తెలిసినవాడికి, అది ఖనిజం కాదు, ప్రాణి కాదు, నేలలో పాతుకున్న చెట్టు కాదు, బల్లపరుపు కాదు, గుండ్రం కాదు అని ఒక్కొక్కటి తెలిసేకొద్దీ అసలు రూపం మనసుకు దగ్గరవుతుంది. దేవుణ్ని తెలుసుకోవడమూ అంతే. ఉపనిషత్తుల నేతి నేతి ఎరిగిన మనకు ఈ దారి కొత్తది కాదు. కొత్తది ఏమిటంటే, ఒక న్యాయశాస్త్రవేత్త దీన్ని జనమంతటికీ విధిగా చేయబూనడం.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. ఫ్రాన్సు దక్షిణాన పోస్కియేర్‌లో ఉన్న అబ్రహాం బెన్ దావీదు, మైమోనిడిస్ సమకాలికుడు, ఆయన స్మృతిగ్రంథానికి రాసిన టిప్పణిలో నేరుగా నిలదీశాడు. దేహముందని నమ్మినవాణ్ని మతభ్రష్టుడని ఎందుకంటావు, నీకంటే గొప్పవాళ్లు, మంచివాళ్లు ఎందరో లేఖనాలు చదివి, పెద్దల గాథలు విని అలాగే నమ్మారే, అని. తాను దేహవాదిని అని ఆయన అనలేదు. ఆ నమ్మకాన్ని నేరం చేయొద్దన్నాడు, అంతే. అంతకు కొన్ని శతాబ్దాల ముందే 'షియూర్ కోమా' అనే రచన దేవుడి అవయవాలకు కొలతలే ఇచ్చింది. మైమోనిడిస్‌కు అది కంటగింపు. మరోపక్క పదమూడో శతాబ్దం చివర స్పెయిన్‌లో 'జోహర్' గ్రంథం వెలువడి, కబ్బాలా అనే యూదు మార్మిక పంథా బలపడ్డాక దేవుడికి రెండు పొరలు ఏర్పడ్డాయి. ఎవరి ఊహకూ అందని అనంతం ఒకటి, దానిలోంచి వెలుగులా జారిన పది దివ్యగుణాలు మరొకటి. ఆ పదింటినీ మనిషి దేహం ఆకారంలోనే అమర్చి చూపేవాళ్లు. తల, చేతులు, మొండెం, అన్నీ. అంటే మైమోనిడిస్ తలుపు మూసిన గదిలోకి దేహం వేరే దారిన మళ్లీ వచ్చింది, ఈసారి కాంతిగా.

అందుకే సర్మద్ మాట తెలియక అన్నది కాదు. మనిషి ఆకారం, వెలుగు, కిరణాల విస్తరణ అనే మూడూ కలిపి చూస్తే అది మైమోనిడిస్ కంటే పాతదీ, ఆయన తర్వాత బలపడిందీ అయిన ఒక ధోరణి గొంతు. ఇంకో అనుమానం కూడా న్యాయమైనదే. యూదులు దేవుడికి మనిషి పోలిక అంటగడతారని ముస్లిం మతశాస్త్రకారులు ఏనాటి నుంచో విమర్శిస్తున్నారు. ఇస్లాం పుచ్చుకున్న సర్మద్ ఆ విమర్శ మాటల్లోనే తన పాత మతాన్ని చెప్పి ఉండవచ్చు కదా? ఉండవచ్చు. కానీ అతని మాటలో ఎగతాళి లేదు. పైగా ఆ అనుమానానికి చాలావరకు జవాబు మోబద్ చేసిన తర్వాతి పనిలో దొరుకుతుంది. అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

సాక్షి చెప్పింది రాసుకున్నాక మోబద్ మూలం కావాలన్నాడు. అభయచంద్ తోరా నుంచి కొంత భాగాన్ని ఫార్సీలోకి తెచ్చాడు. మోబద్ దాన్ని సర్మద్ చేత సరిచూపించుకుని యథాతథంగా అధ్యాయంలో చేర్చాడు. రబ్బీల బిడ్డ దగ్గర చదువుకున్న హిందూ యువకుడు అనువదించిన యూదు వేదాన్ని పార్సీ పరంపరకు చెందిన రచయిత కుతుబ్‌షాహీల నగరం నుంచి అందుకుని పుస్తకానికెక్కించాడు. ఈ వాక్యం రాస్తుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ అనువాదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఆదికాండం మొదటి వచనంతో మొదలు. ఆరో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆఖరు. మామూలుగా బైబిలు చదివేవాడు అక్కడ ఆపడు. ప్రళయం కథ అప్పుడే మొదలవుతోంది, నోవహు పేరు అప్పుడే వినిపించింది, ఓడ ఇంకా కట్టలేదు. కథకుడెవడూ అక్కడ పుస్తకం మూయడు. మూసేది యూదుడే. సినగాగుల్లో తోరాను ఏడాది పొడవునా వారానికో భాగం చొప్పున చదువుతారు. మొదటి వారం భాగం సరిగ్గా ఆ ఎనిమిదో వచనంతో ముగుస్తుంది. సర్మద్ మతం మారాడు, దేశం మారాడు, బట్టలు వదిలాడు. చిన్నప్పుడు సినగాగులో వినడం అలవాటైన ఆ విరామస్థానం మాత్రం అతనితో హైదరాబాదు దాకా వచ్చింది. మోబద్ దాన్ని కదిలించకుండా ఉంచాడు. కథ తెగిపోయిందని మరో రెండు అధ్యాయాలు అడిగి ఉంటే మనకు ఈ ఆనవాలు మిగిలేది కాదు.

ఇప్పుడు సర్మద్ మాటలనూ ఈ మూలాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. దేవుడికి మనిషి రూపముందని అతనన్నాడు. మనిషిని దేవుడు తన స్వరూపంలో చేశాడన్నది మొదటి అధ్యాయంలో ఉంది. దేహమున్న దేవుడే తిరగగలడు. మూడో అధ్యాయంలో చల్లపూట తోటలో దేవుడు సంచరిస్తున్న చప్పుడు ఆదాము, అతని భార్య విని చెట్ల చాటుకు పోతారు. మనిషి ఆయుష్షు నూట ఇరవై ఏళ్లని అతనన్నాడు. ఆ లెక్క ఆరో అధ్యాయం మూడో వచనంలో ఉంది. ఆపిన చోటికి ఐదు వచనాల ముందు. పోచంపల్లిలో చిటికి కట్టి రంగేసిన నూలు మగ్గం మీదికెక్కాక గానీ పువ్వు ఎక్కడ కలుస్తుందో కనబడదు. ఈ అధ్యాయంలో సిద్ధాంతం ఒకచోట, మూలం మరొకచోట విడివిడిగా రంగు పట్టి, చదువుతుంటే అంచులు కలుస్తాయి. మోబద్ ఎక్కడా 'ఇదిగో ఈ మాటకు ఇదీ ఆధారం' అని వేలు పెట్టి చూపలేదు. చూపకపోవడమే అతని పనితనం.

నూట ఇరవై ఏళ్ల రాత్రి, ఖనిజం, చెట్టు, జంతువు మీదుగా మళ్లీ మనిషి కావడం ఆదికాండంలో లేవు. అవి సర్మద్ అల్లికే అని నా అభిప్రాయం. కబ్బాలా పండితులు ఆత్మ జన్మలు మారుతుందన్నారు. పదార్థం తన లోపలే కదులుతూ పైపై మెట్లకు ఎదుగుతుందని ముల్లా సద్రా బోధించాడు. సింధు నుంచి దక్కను దాకా నడిచినవాడు పునర్జన్మ మాట వినకుండా ఉండడు. ఈ మూడు దారాలూ లేఖనంలోని ఒక అంకె చుట్టూ ముడిపడ్డాయి. ఒక మతం దేవుణ్ని గురించిన ఊహను ఎలా మార్చుకుంటుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే దగ్గరి నుంచి చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది. పాత వచనం అలాగే ఉంటుంది. దాన్ని పట్టుకున్న మనిషి నడిచిన దారి మారుతుంది.

అదే 1647లో ఆమ్‌స్టర్‌డాంలో, 1632లో పుట్టిన బరూచ్ స్పినోజా అనే యూదు కుర్రవాడు ఇంకా చదువుకుంటున్నాడు. 1656 జులై 27న అక్కడి యూదు సంఘం అతన్ని వెలివేసింది. అతను పోయాక 1677లో అచ్చైన 'ఎథిక్స్' లో దేవుడూ ప్రకృతీ వేరు కాదన్నాడు. దేవుడు మనిషిలా అవయవాలతో ఉంటాడన్న ఊహను కొట్టిపారేశాడు. మళ్లీ తానే, విస్తృతి, అంటే చోటు ఆక్రమించి ఉండే గుణం, దేవుడి లక్షణాల్లో ఒకటన్నాడు. మైమోనిడిస్ ఈ మాట వింటే నిర్ఘాంతపోయేవాడు. ఒకే తరంలో ఒక యూదుడు హైదరాబాదులో దేవుడి దేహాన్ని కాంతిగా చెబితే, మరొకడు ఆమ్‌స్టర్‌డాంలో లోకమంత విస్తృతిగా చెప్పాడు. ఇద్దరూ తమ సంఘం విడిచినవాళ్లే. ఒకరి పేరు ప్రపంచ తత్త్వచరిత్ర నిండా ఉంది. రెండోవాడి మాట మోబద్ కలం వల్ల మిగిలింది.

సర్మద్ తర్వాత ఢిల్లీ చేరి మొఘల్ యువరాజు దారా షికో ఆదరణ పొందాడు. దారా ఓడి, 1659లో హతుడయ్యాక, ఔరంగజేబు ఏలుబడిలో కొద్ది కాలానికే సర్మద్ తల తీశారు. జామా మసీదు పక్కన ఎర్ర రంగు వేసిన అతని సమాధి ఇప్పటికీ ఉంది. అతని రుబాయీలను తలుచుకునేవాళ్లు నేటికీ చాలామంది. హైదరాబాదులో అతను చెప్పిన పాఠాన్ని తలిచేవాళ్లు తక్కువ.

అభయచంద్ అనువాదంలోని చివరి వచనాల గురించి ఒక మాట చెప్పాలి. మనుషుల చెడుతనం చూసి, వాళ్లను చేసినందుకు దేవుడు నొచ్చుకుంటాడు, హృదయంలో బాధపడతాడు. తర్వాత నోవహు మీద దయ కలుగుతుంది. అక్కడితో ఆగిపోతుంది. మైమోనిడిస్ పద్ధతిలో దేవుడికి దుఃఖం అంటగట్టడం కూడా దేహం అంటగట్టినంత పొరపాటే. అది మనుషుల భాషలో చెప్పిన మాట, అంతకు మించి కాదు. ఇరవయ్యో శతాబ్దం ఆ దుఃఖాన్ని మళ్లీ పైకి తెచ్చింది. నాజీల చేతుల్లో తల్లినీ తోబుట్టువులనూ పోగొట్టుకున్న అబ్రహాం జాషువా హెషెల్, 1962లో వచ్చిన 'ద ప్రాఫెట్స్' లో, ప్రవక్తల దేవుడు మనుషుల బాధకు చలించే దేవుడని వాదించాడు. తల్లి ఆష్విట్జ్‌లో హతమైన హాన్స్ యోనాస్ 1984లో ట్యూబింగన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఇంకా ముందుకు వెళ్లాడు. లోకానికి చోటివ్వడం కోసం దేవుడు తన శక్తిని వదులుకున్నాడని, అందుకే ఆ ఘోరాన్ని ఆపలేకపోయాడని అన్నాడు. పదహారో శతాబ్దంలో సఫేద్ పట్నంలో ఇసాక్ లూరియా చెప్పిన దేవుడి సంకోచం అనే భావాన్నే ఆయన తీసుకుని దాన్ని చివరంటా లాగాడు. నేను ఆ వాదాన్ని ఒప్పుకోలేను. సర్వశక్తి లేని దేవుడికి మొక్కడం ఎలాగో నాకు తెలియదు. కానీ ఆ తల్లిని తలుచుకుని చదివినప్పుడు ఆ ఉపన్యాసాన్ని తీసిపారేయడం నా వల్ల కాదు. అభయచంద్ ఫార్సీలో పెట్టిన ఆ బాధపడే దేవుణ్ని సర్మద్ సరిచూశాడు. ఆ చోట అతను వ్యాఖ్యానమేదీ కలపలేదు.

మోబద్ కూడా ఏమీ కలపలేదు. అనువాదం అయిపోగానే ముగింపు మాట లేకుండా క్రైస్తవుల అధ్యాయం ఎత్తుకున్నాడు. దబిస్తాన్ ఇంగ్లీషు అనువాదం రెండో సంపుటం ఇప్పుడు కంప్యూటర్ మీద ఉచితంగానే దొరుకుతుంది. యూదుల అధ్యాయం గంటలోపు అయిపోయే చదువు. చదివేవాళ్లు పక్కన మైమోనిడిస్ 'మార్గదర్శి' మొదటి అధ్యాయాన్ని కూడా పెట్టుకుంటే మంచిది, అది రెండు మూడు పేజీలే. ఒకే వచనం మీద ఇద్దరు యూదులు, ఒకరు కైరో పక్కన, ఒకరు మన హైదరాబాదులో, నాలుగున్నర శతాబ్దాల ఎడంతో ఎంత దూరం పోయారో ఒక్క పూటలో తెలిసిపోతుంది.